అరకొర కాదు... అరకే!

మా ఇంట్లో ఏ పనైనా సగంలో ఆగిపోతే అమ్మ ఒకటే మాట అంటుంది. "అయిందా అరకు?" అని.

నేను ఇంజినీరింగ్‌లో సప్లీ తెచ్చుకున్నా అదే మాట. అక్క డ్యాన్స్ క్లాసులు మధ్యలో మానేసినా అదే మాట. బయటివాళ్లకి అర్థం కాదు. మాకు మాత్రం అది 1999 నాటి కథ. నాకు ఆరేళ్లు. సంక్రాంతి సెలవుల్లో నాన్న మమ్మల్ని ఖమ్మం నుంచి అరకు తీసుకెళ్తానని తన ప్రీమియర్ పద్మిని కారులో బయల్దేరదీశారు. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక కారు ఆగిపోయింది. రెండున్నర గంటలు రోడ్డు పక్కన రాళ్ల మీద కూర్చున్నాం. అక్క ఆకలని ఏడుపు, నేను అక్కని చూసి ఏడుపు. చివరికి ఒక లారీ డ్రైవర్ సాయం చేస్తే ఇంజిన్ స్టార్టయింది. నాన్న పైకి వెళ్లే ధైర్యం చేయలేదు. బండి కిందికి తిప్పేశారు.

"అది అరకు ట్రిప్పు కాదు, అరకొర ట్రిప్పు" అంది అమ్మ. ఆ తర్వాత ఆ కారులో ఖమ్మం దాటి ఎప్పుడూ వెళ్లలేదు.

ఇరవయ్యారేళ్ల తర్వాత, పోయిన డిసెంబర్‌లో, అదే కారు, అదే అమ్మానాన్న, అదే ఘాట్ రోడ్డు. ఈసారి స్టీరింగ్ నా చేతిలో.

అసలు ఏంటీ బండి?

మీలో చాలామంది పద్మినిని పాత సినిమాల్లో చూసుంటారు. లేదంటే ముంబయి నలుపు-పసుపు ట్యాక్సీగా చూసుంటారు. ఇటలీ ఫియట్ 1100 మోడల్‌ని ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు. మొదట ఫియట్ 1100 డిలైట్, తర్వాత కొన్నాళ్లు ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని. చిత్తోడ్ రాణి పేరు పెట్టారు. మా ఊళ్లో మాత్రం ఎవరూ పద్మిని అనలేదు, అందరికీ అది 'ఫియట్టే'.

1089 సీసీ పెట్రోల్ ఇంజిన్. పవర్ సుమారు 40 హార్స్‌పవర్. అంటే ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాక్ కన్నా తక్కువే. గేర్ స్టీరింగ్ పక్కన ఉంటుంది, మనవాళ్లు హ్యాండ్ గేర్ అంటారు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పవర్ స్టీరింగ్ లేదు. ఏసీ లేదు. ముందు డోర్లకి చిన్న తిప్పుడు అద్దం ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. మా ఏసీ అదే.

ఒకప్పుడు ఈ కారు కొనాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక కథ మారింది. 2023 అక్టోబర్‌లో ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ గడువు కూడా ముగిసింది. ఆ వార్త చదివిన రోజు నాన్న ఫోన్ చేసి "మనది ఉందిగా ఇంకా?" అని అడిగారు. ఉంది నాన్నా అన్నాను. అంతే, పెట్టేశారు.

మాది 1986 బండి. కాలేజీ లెక్చరర్‌గా ఉన్నప్పుడు నాన్న 1994లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మోకాలి ఆపరేషన్ తర్వాత క్లచ్ తొక్కలేక 2021లో నాకిచ్చేశారు.

మియాపూర్ నుంచి హైటెక్ సిటీ

"రోజూ ఇందులోనే ఆఫీసుకి వస్తావా బ్రో?" అని పార్కింగ్‌లో కనీసం వారానికి ఒకరైనా అడుగుతారు. వారంలో నాలుగు రోజులు వస్తాను. వానాకాలంలో, మండే ఎండల్లో మాత్రం మెట్రోనే. అబద్ధం చెప్పను.

పొద్దున్నే ఎక్కి సెల్ఫ్ కొట్టేసి వెళ్లిపోయే బండి కాదిది. చోక్ లాగాలి, ఒకసారి యాక్సిలరేటర్ తొక్కి వదలాలి, అప్పుడు సెల్ఫ్. స్టార్టయ్యాక రెండు నిమిషాలు ఆగి చోక్ మెల్లగా లోపలికి నెట్టాలి. తొందరపడితే కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. వెనక హారన్లు మోగుతాయి. మొదట్లో చెమటలు పట్టేవి. ఇప్పుడు అద్దంలోంచి ఒక నమస్కారం పెట్టి మళ్లీ సెల్ఫ్ కొడతాను.

ట్రాఫిక్‌లో దీని అసలు శత్రువు వేడి. ఇంజిన్ ముందున్న ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఫ్యాన్ కూడా నెమ్మదే. అందుకే మా మెకానిక్ సలహాతో రేడియేటర్ ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించి, డ్యాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టించా. జామ్‌లో ఇరుక్కుంటే స్విచ్ వేస్తా.

రెండోది పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. పాత బండ్లలో రబ్బరు పైపులు, పెట్రోల్ పంపులోని డయాఫ్రమ్ దాన్ని తట్టుకునేలా తయారైనవి కావు. మెత్తబడి చిట్లుతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. అందుకే పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్పించా. ట్యాంకు నుంచి వచ్చే దారిలో లోపలేముందో కనపడే ఫిల్టర్ పెట్టించా. పాత బండి కొనాలనుకునేవాళ్లు రంగు వేయించే ముందు ఈ పని చేయించండి.

స్పేర్లు దొరుకుతాయా? సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్ని, విజయవాడ ఆటోనగర్‌లో కొన్ని. దొరకనివి లేత్ మీద చేయించుకోవాలి.

గడువు మార్చి

అసలు ఈ ట్రిప్ ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి.

సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ప్రతి అయిదేళ్లకీ బండి చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి. మాది 2001, 2006, 2011, 2016, 2021లో అయింది. మళ్లీ 2026 మార్చికి గడువు. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో పది వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. రెన్యువల్‌కి ముందు కింద తుప్పు పట్టిన చోట్ల వెల్డింగ్, బ్రేకుల పని చేయించాలి. మొత్తం అరవై వేల దాకా అవుతుందని మెకానిక్ లెక్క చెప్పాడు.

"యాభై ఏళ్లు దాటితే వింటేజ్ అంటారుగా, అలా చేయించొచ్చుగా?" అని ఫ్రెండ్స్ సలహా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ దాన్ని రోజువారీ తిప్పకూడదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోల్ పోయించుకోడానికి, రిపేర్‌కి తప్ప రోడ్డెక్కకూడదు. మా బండికి ఆ వయసే రాలేదు. వచ్చినా, తిరగని బండిని నేనేం చేసుకోను?

అమ్మ మాత్రం తేల్చేసింది. "స్క్రాప్‌కి ఇచ్చెయ్. అరవై వేలు దాని మీద పోస్తే అది కూడా అరకే." నాన్న ఏమీ అనలేదు. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. సంతకం ఆయనే పెట్టాలి.

అప్పుడు నోరు జారాను. "దీన్ని అరకు ఎక్కించి తీసుకొస్తా. వస్తే రెన్యువల్. రాకపోతే అమ్మ చెప్పినట్టే."

అమ్మ నవ్వింది. "నేనూ వస్తా. కళ్లారా చూడాలిగా" అంది.

మ్యాప్స్ చెప్పిన టైంకి సగం కలపండి

హైదరాబాద్ నుంచి సూర్యాపేట మీదుగా ఖమ్మం దాదాపు 200 కిలోమీటర్లు. పొద్దున అయిదున్నరకి మంచులో బయల్దేరా. హైవే మీద నా స్పీడు 60-65. అంతకు మించితే ఇంజిన్ అరుస్తుంది, నాకూ భయమేస్తుంది. డ్రమ్ బ్రేకులతో ముందు బండికీ మనకీ ఇప్పటి కార్లకన్నా రెట్టింపు దూరం ఉంచాలి. ఎయిర్‌బ్యాగులు లేవు. బెల్టులు ముందు సీట్లకి మేమే వేయించాం. అందుకే నా రూల్ ఒకటుంది. చీకటి పడ్డాక హైవే ఎక్కను. పాత బండి మీద ప్రేమ వేరు, ప్రాణం వేరు.

పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్ టింగుమని మోగింది. బూత్‌లో కుర్రాడు తల బయటపెట్టి "అన్నా, దీనికి కూడా ఫాస్టాగా!" అన్నాడు. గేటు లేచేలోపు ఫొటో తీసేసుకున్నాడు.

ఖమ్మంలో రాత్రి ఆగి, మర్నాడు అమ్మానాన్నని ఎక్కించుకున్నా. డిక్కీలో అమ్మ సర్దిన పులిహోర, సకినాల డబ్బా. వాటి పక్కన నా సరంజామా. అయిదు లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, అదనపు ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్, రెండు స్పార్క్ ప్లగ్గులు, గరుకు కాగితం, పాత లుంగీ ముక్కలు. ఆ గుడ్డలు చూసి అమ్మ "ఇవెందుకురా?" అంది. నాన్న ముందు సీట్లోంచి తల తిప్పకుండానే "పనికొస్తాయి" అన్నారు.

వైరా, సత్తుపల్లి, అశ్వారావుపేట. రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలు. జంగారెడ్డిగూడెం దాటాక ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. పక్కకి ఆపి పాయింట్లు విప్పి చూస్తే నల్లబడి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్దా. మళ్లీ బిగించేటప్పుడు వాటి మధ్య సందు సరిచూడటానికి కొలత బిళ్ల కావాలి. ఇంట్లో మర్చిపోయా. నాన్న చొక్కా జేబులోంచి ఎవరిదో విజిటింగ్ కార్డు తీసిచ్చారు. "ఇది పట్టేంత సందు చాలు." ఇరవై నిమిషాల్లో మళ్లీ రోడ్డెక్కాం. కొత్త కారు అయితే డ్యాష్‌బోర్డు మీద ఒక లైటు వెలిగేది, టోయింగ్ బండి కోసం ఎదురుచూసేవాళ్లం. ఇక్కడ ఏం పాడైందో కంటికి కనిపిస్తుంది. ఈ బండిలో నాకు నచ్చేదే అది.

సాయంత్రం కొవ్వూరు నుంచి రాజమండ్రికి పాత రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి ఎక్కాం. నాలుగు కిలోమీటర్లకి పైగా పొడవు. పైన మనం, కింద రైలు, దాని కింద గోదావరి. ఆ బ్రిడ్జి మొదలైంది కూడా 1974లోనే, మన బండికి పద్మిని పేరొచ్చిన ఏడాదే. రైలు వెళ్తుంటే రోడ్డు సన్నగా వణికింది. అమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ల గోదావరిలోకి విసిరి దండం పెట్టుకుంది. నాక్కాదు, బండికే అనుకుంటా.

మర్నాడు అన్నవరంలో ఆగి విస్తరాకులో ప్రసాదం తీసుకుని, మధ్యాహ్నానికి విశాఖ చేరాం. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఘాట్

విశాఖ సముద్రం పక్కన. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. 115 కిలోమీటర్ల దూరంలో ఎక్కువభాగం మైదానమే. శృంగవరపుకోట దాటాకే అసలు ఎక్కుడు. ఎండ ముదరకముందే అక్కడికి చేరాలని నాలుగున్నరకే బయల్దేరదామనుకున్నా. నా రూల్ గుర్తొచ్చింది. తెల్లవారాకే కదిలాం.

ఎస్.కోట దాటి మలుపులు మొదలయ్యాయి. మూడో గేర్, రెండో గేర్, మళ్లీ మూడు. ఎక్కువభాగం రెండులోనే. టైడా దాటాక టెంపరేచర్ ముల్లు కదలడం చూశా. వెనక టూరిస్టు బస్సు హారన్. దారిచ్చా. మోటార్‌సైకిళ్ల మీద కుర్రాళ్లు వేళ్లు చూపిస్తూ కేకలేస్తూ దాటిపోయారు.

ఇక్కడ మీకు 1999లో ఏం జరిగిందో చెప్పాలి. దాన్ని వేపర్ లాక్ అంటారు. ఈ బండిలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే పంపులో, పైపులో ఉన్న పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు, ఆవిరిని కాదు. ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా కార్బ్యురేటర్‌కి చుక్క అందదు. బండి ఆగిపోతుంది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగిపోవడమే. దీనికి మందు తడిగుడ్డ. పంపు మీద, పైపు మీద కప్పి చల్లారేదాకా ఓపిక పట్టాలి. ఆ రోజు లారీ డ్రైవర్ చేసింది అదే.

ముల్లు సగం దాటింది. ఇంజిన్ బాగానే లాగుతోంది. 'ఇంకో నాలుగు మలుపులు, డముకు వ్యూ పాయింట్ వచ్చేస్తుంది' అనిపించింది. పక్కకి చూస్తే నాన్న ఆ ముల్లునే చూస్తున్నారు. ఏమీ అనట్లేదు.

రోడ్డు కాస్త వెడల్పైన చోట బండి ఆపేశా.

"ఏమైందిరా? ఆగిపోయిందా?" అమ్మ గొంతులో ఆ పాత కంగారు.

"లేదమ్మా. నేనే ఆపా."

బానెట్ ఎత్తా. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోలేదు. మూత తీస్తే మరుగుతున్న నీళ్లు ముఖాన పడతాయి. లుంగీ ముక్క తడిపి పంపు మీద వేశా. ఆవిరి లేచింది. నాన్న కర్ర ఊతంతో దిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు. కింద లోయలో మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కొండ అవతలి వైపున ఎక్కడో కొత్తవలస-కిరండూల్ లైన్ మీద గూడ్సు రైలు సొరంగంలోకి దూరుతున్న చప్పుడు.

చాలాసేపటికి అన్నారు. "ఆ రోజు కూడా ముల్లు ఇక్కడే ఉందిరా. చూశాను. మధ్యాహ్నం భోజనానికి పైకి చేరాలని ఆపలేదు. పిల్లలు ఆకలంటున్నారని..." ఒక్క క్షణం ఆగారు. "ఇన్నాళ్లూ బండి ఆగిపోయిందనే చెప్పాను. తప్పు బండిది కాదు. నేను ఆపలేదు."

వెనక సీట్లో అమ్మకి వినబడిందో లేదో నాకు తెలీదు. కాసేపటికి డోర్ తీసుకుని దిగింది. సకినాల డబ్బా మూత తీసి ముందు నాన్నకి పెట్టింది. "ఇరవయ్యారేళ్ల నుంచి పాపం దాన్ని తిడుతున్నానుగా" అంది.

అరగంట ఆగాం. సకినాలు అయిపోయాయి. ఆ మధ్యలో ఒక జీపు ఆపి "సాయం కావాలా?" అని అడిగారు. వద్దన్నాం. సెల్ఫ్ కొడితే మొదటిసారికే అందుకుంది. డముకు దగ్గర ఇంకోసారి, అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఇంకోసారి, చెప్పకుండానే ఆపా. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర మాత్రం బండి కోసం కాదు, మా కోసం ఆగాం.

పదకొండున్నరకి అరకు.

అమ్మ బొంగులో చికెన్ తిననంది, తర్వాత రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. నాన్న కాఫీ తాగుతూ బండి బానెట్‌కి ఆనుకుని నిలబడ్డారు. ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి "అంకుల్, మీ బండి పక్కన సెల్ఫీ తీసుకోవచ్చా?" అని అడిగారు. "మా అబ్బాయిది" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

దిగేటప్పుడు

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. డ్రమ్ బ్రేకుల్ని అదేపనిగా తొక్కితే లోపల వేడెక్కి పట్టు తప్పుతాయి. పెడల్ ఉంటుంది, బ్రేక్ ఉండదు. అందుకే ఏ గేర్‌లో ఎక్కామో అదే గేర్‌లో దిగాలి. న్యూట్రల్ వేసి పెట్రోల్ మిగుల్చుకుందామనే ఆలోచన అసలు వద్దు. రెండో గేర్‌లో, ఇంజిన్ పట్టి ఉంచుతుంటే, అవసరమైనప్పుడే బ్రేక్ తొక్కి వదులుతూ దిగాం. రెండుచోట్ల ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూశా. ఈసారి ఎందుకు ఆపావని ఎవరూ అడగలేదు.

మొత్తం తిరిగింది 1,450 కిలోమీటర్ల దాకా. మైలేజీ లీటరుకి 13. పెట్రోల్‌కి పన్నెండు వేలు. అదే ట్రిప్ కొత్త కారులో అయితే రెండు రోజులు తక్కువ పట్టేది. నడుం నొప్పి ఉండేది కాదు. పాత బండి తీసుకోవాలా అని మీరడిగితే, ఇంట్లో ఇంకో బండో, దగ్గర్లో మెట్రోనో, ఫోన్ ఎత్తే మెకానికో ఉంటేనే తీసుకోండి అంటాను. పసిపిల్లలున్నవాళ్లు వద్దు. టైంకి చేరాల్సిన పని ఉన్నప్పుడు అసలే వద్దు.

ఖమ్మంలో దింపి నేను హైదరాబాద్ బయల్దేరుతుంటే నాన్న రెన్యువల్ ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చారు. వెల్డింగ్ పని ఇంకా మిగిలే ఉంది. అరవై వేలూ ఇంకా కూడబెట్టాలి. బండిని చూపించే రోజు ఏం చెప్తారో చూడాలి.

అమ్మ గేటు దగ్గరికొచ్చి కారు పైకప్పు మీద చేత్తో రెండుసార్లు తట్టింది.

"మార్చిలోపు పని అవగొట్టు. మళ్లీ అరకు చెయ్యకు" అంది. తర్వాత తనే ఆగి, సర్దుకుంది. "అంటే... అరకే చెయ్యి."